హనుమంతమ్మ మిద్దెల కింది నీళ్ళు

పరాయి ఇంటి స్నానం నీళ్ళను హనుమంతమ్మ ఏళ్ళ తరబడి తన ఇళ్ళ కింద మోసింది. మొయ్యమని ఆమెను ఎవరూ అడగలేదు. మోస్తున్నందుకు మంచిదానివమ్మా అన్నవాళ్ళూ లేరు. పైగా ఆ కంపు ఆమె బాడుగిళ్ళదేనని పేటంతా ముక్కు మూసుకుని పోయేది.

సంగతేమంటే, మైదుకూరుకు పోయే దారిలో ఉన్న ఆ నేతపేటలో ఆమెకు తండ్రి ఇచ్చిపోయిన మట్టిమిద్దెలు మూడు ఒకే వరసలో ఉన్నాయి. నడిమిది తాను ఉండేది. ఎగువదీ దిగువదీ బాడుగకు. మూడిళ్ళకూ కలిపి ఒకటే తూము. కుమ్మరితో కాల్పించిన మట్టి గొట్టాలను ఒకదాని నోట్లో ఒకటి దూర్చి, ఆ తండ్రి తన చేతులతోనే పరిచినాడు. ఎగువింట్లో పోసుకున్న నీళ్ళు నడిమింటి కింద పారి, దిగువింటి కింద పారి, పెరడు దాటి వంకలో పడతాయి. మూడు సంసారాలకు, అదీ వారానికొక తలంటి పోసుకునే సంసారాలకు, సరిపోయే తూము అది.

ఆ వరసకు ఎగువన, మనిషి పట్టేంత సందు ఒకటి వదిలి, వెంకటరాముడు రెండంతస్తుల మిద్దె లేపినాడు. పేటలోని మగ్గాలకు నూలిచ్చి, చీరలు నేయించి తీసుకుపోయే షావుకారు ఆయన. పంచాయతీ బోర్డులో మెంబరు కూడా. హనుమంతమ్మ చెల్లెలి కాన్పుకని వేంపల్లెకు పోయి తిరిగి వచ్చేసరికి, షావుకారింటి స్నానాల గది నీళ్ళు సందులోకి దిగి, ఆమె తండ్రి పరిచిన గొట్టంలో కలుస్తున్నాయి. అతుకు కనబడకుండా పైన సున్నం కూడా పూసినారు.

సందు ఆమెది. గొట్టం ఆమెది. నీళ్ళు మాత్రం ఆయనవి.

"ఏమప్పా షావుకారూ, ఇదేంది?" అని సందులో నిలబడి అడిగింది.

"ఏముండాది హనుమంతమ్మా! మీ నాయనా మా నాయనా ఒక కంచంలో తిన్నోళ్ళు. వాళ్ళ బిడ్డల నీళ్ళు ఒక తూములో పోతే తప్పా?" అన్నాడు వెంకటరాముడు, నవ్వుతానే.

ఒక కంచంలో తిన్న సంగతి ఆమెకు ఎరుక లేదు. నూలు మాత్రం ఒక చేతి నుంచే వస్తుందని ఎరుక. ఎగువింట్లో బాడుగకున్న నరసన్న ఆ చేతి నూలే నేస్తాడు. తూము మాట ఎత్తితే నూలు మాట వస్తుంది. నూలు ఆగితే నరసన్న ఇంట్లో పొయ్యి ఆగుతుంది. హనుమంతమ్మ కొంగు సవరించుకుని ఇంట్లోకి పోయింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గానీ, బాడుగకిచ్చి చూడు అనడం మరిచిపోయినాడు. లేకుంటే ఆయనకు సొంతిల్లు తప్ప వేరే ఇల్లు లేకపోవచ్చు. హనుమంతమ్మకు ఇళ్ళున్నాయని ఊళ్ళో పేరు. ఆ పేరుతో ఆమె తిన్నది రాగిసంగటే, కట్టింది ముతక చీరే. వచ్చిన బాడుగ వచ్చినట్టే మిద్దె మీదికెక్కి కూర్చునేది. వానకారుకు ముందు చౌడుమట్టి తోలించి మిద్దెల మీద పరిపించకపోతే లోపల వాన కురుస్తుంది. పరిపించినా అంతో ఇంతో కురుస్తుంది.

"అక్కా, మిద్దె ఉరుస్తాండాది!" అని నరసన్న పెండ్లాం సుంకమ్మ గడపలో నిలబడి కేకేసేది.

"ఉరిస్తే మంచం ఇంగో మూలకు జరుపుకోండే."

"నాలుగు మూలలా ఉరుస్తాండాదక్కా."

"నడిమికి జరుపు."

"నడిమిన నువ్వు వెలుతురుకని వదిలిన గవాచి ఉండాది గదా! ఆడ ఉరిసేది కాదు, పోసేదే!"

హనుమంతమ్మ లోపలికి పోయేది. ఒక పాత చాప ఇచ్చి పంపేది. మంచి మనిషే, కానీ ఇల్లుగలామె. ఇల్లు గలవాళ్ళకు చెవులు రెండున్నా బాడుగవాళ్ళ మాట దూరే చెవి ఒకటి తక్కువ ఉంటుంది. అది ఆమె తప్పు కాదు. తాళంచెవుల గుత్తితో పాటు వచ్చే జబ్బు.

మూడిళ్ళ నీళ్ళకని వేసిన తూములో షావుకారింటి నీళ్ళు కూడా పడేసరికి గొట్టాల అతుకులు వదులైనాయి. షావుకారింట్లో చుట్టాలు ఎక్కువ, స్నానాలు ఎక్కువ. నేతింట పుట్టినవాళ్ళకు లోకంలో ఏది తెగినా పోగుతో అతకవచ్చని, ఏది వదులైనా గంజితో బిగించవచ్చని ఒక నమ్మకం. హనుమంతమ్మ ఎగువింట్లో బండ లేపించి, తెగిన నూలు పోగులన్నీ పేని, రాగిగంజిలో నానబెట్టి, కారుతున్న అతుకులకు వరసగా చుట్టింది. పడుగుకు గంజి పెట్టినట్టే చేత్తో నున్నగా దువ్వింది. ఎండినాక అది తప్పెట మాదిరి మోగింది. చుక్క కారలేదు.

"మేస్త్రీలంట, సున్నమంట! మా నాయన బిడ్డకు అవన్నీ యాల?" అని వీధిలో పదిమందికి చెప్పుకుంది.

పదిమందిలో ఎవరు పోయి చెప్పినారో, పందికొక్కులకు కూడా ఆ సంగతి తెలిసింది. రాగిగంజి పట్టిన నూలు వాటికి పెళ్ళివిందు అయింది. అమావాస్య దాటకముందే అతుకులన్నీ కొరికి, పోగులు ఈడ్చుకుపోయి, కలుగుల్లో పరుపులు పరుచుకున్నాయి. హనుమంతమ్మ ఓడిపోయే రకం కాదు. ఈసారి గంజిలో మిరపపొడి కలిపింది. పందికొక్కులు మాత్రం ఏ దేశానివి? అవీ సీమవే. సంగటిలోకి ఊరిమిండి పచ్చడి దొరికినట్టు మరింత ఇష్టంగా తినిపోయినాయి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక మీది సంగతి అంత నవ్వులాట కాదు.

దిగువింట్లో ఏసేపు, రాహేలమ్మ బాడుగకుండేవాళ్ళు. కిరస్తానీ వాళ్ళు. ఊరివాళ్ళు అంటుకోని ఊరిచివరి పల్లెలో పుట్టి, మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చి, ఏసేపు ఆ బడికే పంతులయినాడు. పేటలో వాళ్ళకు ఇల్లిచ్చింది హనుమంతమ్మ ఒక్కతే. ఎందుకిచ్చినావని అడిగినవాళ్ళకు ఆమె పెద్ద ధర్మాలేం చెప్పలేదు. "ఆదివారం పొద్దన వాళ్ళ ఏసు గుడికి పోతే ఎండ ముదిరితే గానీ రారు. ఆ పూటంతా తూముకు రోంత ఊపిరాడుతుంది" అనింది. ఆమె నిజంగానే ఆ లెక్కతోనే ఇచ్చింది. ధర్మం కొందరి ఇంటికి పెరటి తలుపు నుంచి వస్తుంది.

ఆ పేటలో ఒక కట్టుబాటు ఉండేది. తెల్లారుతూనే వీధి నడుమ పడుగులు, అంటే చీరకు పొడుగునా పోయే పోగులు, సాగదీసి, కుంచెలతో గంజి దువ్వి ఎండబెడతారు. పడుగు వీధిలో ఉంటే పెళ్ళి పల్లకి అయినా పక్క వీధిలో పోవాల్సిందే. పడుగు కింద ఎవరి నీళ్ళు పారితే వాళ్ళు వచ్చి, ఆ పడుగు ఎండేదాకా దాని కొస కొయ్య పట్టుకుని ఎండలో నిలబడాలి. అదే శిక్ష. వీధి అందరిదీ, కాబట్టి పని చెడగొట్టినవాడు పనిలో చెయ్యి వెయ్యాలని ముసలివాళ్ళు పెట్టిన కట్టు. మంచి కట్టే.

ఒక వానకారులో తూము పొంగి, దిగువింటి వాకిలి పక్క నుంచి వీధిలోకి పారింది. పడుగు కింద బురదయింది. దిగువిల్లు ఎవరిది? రాహేలమ్మది. "ఆ నీళ్ళు ఆయమ్మవే" అన్నారు. చూరు కింద నిలబడి ముందుగా అన్నది వెంకటరాముడే. రాహేలమ్మ వచ్చి కొయ్య పట్టుకోబోయింది. "తాకొద్దు, తాకొద్దు! పడుగు మైల పడుతుంది. దూరంగా ఊరికే నిలబడు" అన్నారు. చెయ్యని తప్పుకు, చెయ్యి కూడా వెయ్యనీకుండా, ఆమెను పొద్దెక్కేదాకా ఎండలో నిలబెట్టినారు.

ఆ నీళ్ళు ఎవరివో హనుమంతమ్మకు తెలుసు. తెలిసీ గడప దాటలేదు. సాయంత్రం దిగువింటికి పోయి, "కాళ్ళు నొస్తాండాయా?" అని అడిగి, ఒక గిన్నెడు నెయ్యి ఇచ్చి వచ్చింది. రాహేలమ్మ నెయ్యి తీసుకుని తలుపు వేసుకుంది. ఇచ్చిన ఆ నెయ్యి హనుమంతమ్మకు చాలా రోజులు అరగలేదు.

ఉప్పు సత్యాగ్రహం సద్దుమణిగిన మరుసటేడు తూము ఇంకో దారి వెతుక్కుంది. నరసన్న మగ్గం గుంతలోకి దిగింది.

గుంటమగ్గం చూడనివాళ్ళకు ఒక మాట. నేసే మనిషి నేల మీద కూర్చుని, తొక్కుడు బల్లలు ఆడేందుకు తవ్విన గుంతలోకి కాళ్ళు వదులుతాడు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఆ కాళ్ళు ఆ గుంతలోనే. నరసన్న కాళ్ళు ఇప్పుడు నీళ్ళలో.

"తేమ మంచిదేరా. పోగు తెగదు" అనింది హనుమంతమ్మ మొదటిసారి చెప్పినప్పుడు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఎండకారులో పోగు పెళుసెక్కకుండా నేతగాళ్ళే మగ్గం పక్కన తడిగోనె పరుస్తారు. నరసన్న మెతక మనిషి. "అంతేలే వదినా" అని తలాడించి, పేక పోగు నడిపే నాడెను మళ్ళీ విసిరినాడు. సుంకమ్మ తల ఆడించలేదు.

"తేమ కాదక్కా, ఇంగ రోంత పోస్తే వరి నాటొచ్చు. సూడు, ఈయప్ప కాళ్ళు సూడు. వేళ్ళ సందున పాచి పట్టుతాండాది. చీర అంచుకు తేమ మరక పడిందని షావుకారు కూలి తెగ్గోస్తాండాడు. ఎవరి నీళ్ళతో పడిన మరకక్కా అది?"

హనుమంతమ్మ మిద్దె పైకి చూసింది. ఆకాశం కనపడకపోయినా ఇల్లు గలవాళ్ళు జవాబు దొరకనప్పుడు పైకే చూస్తారు.

"మగ్గం మీదుండే పడుగు అయిపోతానే మేము ఖాళీ చేస్తాం" అనింది సుంకమ్మ. "మా అన్న ఊరికి పోతాం. ఆడ మిద్దె లేకపోయినా గుంత ఎండుగా ఉండాది."

పడుగు మధ్యలో మగ్గం కదిలించడం కుదరదు. కాబట్టి ఆ పడుగు ఉన్నంతవరకే గడువు. గడువు కూడా రోజూ కళ్ళముందు చుట్టుకుపోతూ ఉంటుంది. ఇటు చీర పెరిగేకొద్దీ అటు పడుగు తరిగిపోతుంది.

హనుమంతమ్మ మేస్త్రీ మద్దిలేటిని పిలిపించింది. ఆయన ఎగువింట్లో బండ లేపి, లోపలికి వంగి చూసి, తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"యాల తలపాగా తీసినావు?" అనింది ఆమె.

"ఈ తూము మీ నాయనతో పాటే పోయిందమ్మా. మీరే దినాలు చేయకుండా పెట్టుకున్నారు."

"పరాచికాలు చాలు. బాగుచేస్తావా, లేదా?"

"నాపబండలతో కొత్త కాలువ కడతా. అది మీ మూడిళ్ళకు మీ మనమళ్ళ దాకా వస్తుంది. షావుకారింటి నీళ్ళు కూడా దాంట్లోకే వదిలితే మాత్రం నేను కట్టను. రేపు పొంగితే నా పేరు చెడుతుంది."

"అయితే ఆయనతో నువ్వే చెప్పు, నీళ్ళు మళ్ళించుకొమ్మని."

మద్దిలేటి తలపాగా చుట్టుకున్నాడు. "అమ్మా, బోర్డు పనులు ఆయన చేతిలో ఉండాయి. నాకు నలుగురు బిడ్డలు" అని దండం పెట్టి పోయినాడు.

పేటలో ప్రతివాడికీ వెంకటరాముడి చేతిలో ఏదో ఒకటి ఉంది. నరసన్నకు నూలు, మద్దిలేటికి పని. హనుమంతమ్మకు మాత్రం ఏముంది? ఆలోచిస్తే ఆమె దగ్గరే ఆయనది ఉంది, రోజూ గంగాళాల కొద్దీ నీళ్ళు. అయితే ఆ ఆలోచన ఆమెకు ఆ రోజే రాలేదు. మరుసటి రోజు సుంకమ్మ తెప్పించింది.

"అక్కా, మీ ఆయన మంచాన పడినప్పుడు ఏడాది నువ్వే నేసినావంట గదా? దా, కూచో. ఒక్క మూర నెయ్యి. తేమ మంచిదో కాదో నీ కాళ్ళే చెప్తాయి."

"నేనేంది, ఈ వయసులో..."

"ఇల్లుగలామెవు. నీ గుంతే గదా, సిగ్గెందుకు?"

హనుమంతమ్మ రోషానికి కూర్చుంది. కాళ్ళు వదిలింది. చల్లగా చీలమండల దాకా వచ్చినాయి నీళ్ళు. తొక్కుడు బల్ల కింద ఏదో మెత్తగా జారింది. మూర నేయలేదు, జేనెడు నేసేసరికి కాళ్ళు మొద్దుబారినాయి. వంగి చూస్తే నీళ్ళ మీద తెల్లని నురగ తేలుతోంది. ముక్కుకు మల్లెపూల వాసన కొట్టింది. పేటలో మిగతావాళ్ళందరికీ తలకు కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి. వాసన సబ్బు వాడే ఇల్లు ఒక్కటే.

"మల్లెపూల మీద కాళ్ళు పెట్టుకుని నేస్తాండాడు నీ మొగుడు" అనింది, లేవబోతూ.

"నవ్వుతాండావా అక్కా?"

"లేదే" అనింది హనుమంతమ్మ. నిజంగానే నవ్వలేదు. సుంకమ్మ చెయ్యి పట్టుకుని పైకి లేచింది. తడికాళ్ళతోనే సందులోకి పోయి, సున్నం పూసిన ఆ అతుకును చాలాసేపు చూసింది. ఆయన నీళ్ళు ఇన్నేళ్ళూ ఎవరికీ కనపడకపోవడానికి కారణం ఆయన గొప్పతనం కాదు, తన గొట్టం. దాచింది తానే. దాచడం మానేస్తే చాలు.

ఆదివారం దాకా ఆగింది. ఏసేపు, రాహేలమ్మ తెల్లబట్టలు కట్టుకుని ఇంటికి తాళం వేసి గుడికి పోయినారు. "ఈ పొద్దు పొద్దెక్కేదాకా ఎవరూ నీళ్ళు పోసుకోవద్దు" అని సుంకమ్మకు చెప్పింది. తానూ మొగం కడుక్కోలేదు. గడ్డపార భుజాన వేసుకుని సందులోకి నడిచింది.

"వదినా, షావుకారు చూస్తాడు వదినా!" నరసన్న గడపలోంచే అన్నాడు.

"చూడనీరా. ఇన్నాళ్ళూ చూడకే గదా ఇట్లయింది."

నేతవాళ్ళ ఇలవేల్పు చౌడమ్మ తల్లిని తలుచుకుని, తన సందులో, తన గొట్టాల్లో మొదటిదాన్ని పెకలించింది. తండ్రి పరిచిన గొట్టం చేతుల్లోకి వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. పక్కన పెట్టి, ఎగువింటి గోడలోకి పోయే నోటిని మట్టితో, రాళ్ళతో మూసింది. ఈసారి గంజి వాడలేదు. తర్వాత వీధి అరుగు మీదికి వచ్చి కూర్చుని, ఒక వక్క కొరికింది.

వీధిలో పడుగు సాగదీసి ఉంది. పెద్ద ఈరన్నది. పేటలో వయసులో పెద్ద, మాటలో పెద్ద. అటొక వరస ఇటొక వరస మనుషులు కుంచెలతో గంజి దువ్వుతున్నారు. షావుకారింట్లో చుట్టాలు దిగి ఉన్నారు, స్నానాలు మొదలైనాయి. మొదట సందులోంచి ఒక సన్నటి పాయ వచ్చింది. వెనక నురగ వచ్చింది. ఎండకు రంగులు తిరుగుతూ, మల్లెపూల వాసనతో, నేరుగా పడుగు కిందికి పారింది.

"ఎవరివి ఈ నీళ్ళు?" పెద్ద ఈరన్న కుంచె ఆపినాడు.

అందరి కళ్ళూ అలవాటు కొద్దీ దిగువింటి వైపు పోయినాయి. దిగువింటికి తాళం వేసి ఉంది.

గొడవ విని వెంకటరాముడు బయటికి వచ్చినాడు. మీటింగులకు కట్టే ఖద్దరు పంచె మీద ఉన్నాడు, మైదుకూరులో ఆ పూట పరిశుభ్రత గురించి మాట్లాడేది ఉందంట. ఒక్క చూపులో సంగతి అర్థమయింది గానీ, మెంబరు గదా, మాట కోసం తడుముకోలేదు.

"ఇంగెవరివి? ఆ కిరస్తానీ వాళ్ళవే. పేటలోకి తెచ్చి పెట్టుకుంటే ఇట్లనే ఉంటాది."

హనుమంతమ్మ వక్క ఉమ్మి లేచింది.

"అప్పా వెంకటరాముడూ, వాళ్ళు తాళమేసి గుడికి పోయినారు. ఉండింటే మాత్రం, దిగువింటి నీళ్ళు ఎగువకు పారతాయా? రాహేలమ్మ దేవుడు సముద్రాన్నే రెండుగా చీల్చినాడంట, నాకు చెప్పింది. ఎంత చీల్చినా, ఆయప్పకు నా తూములో పనేముండాది?"

ఎవరో నవ్వినారు. నవ్వు వరస పొడుగునా పాకింది.

"నా గొట్టం నేను తీసుకున్నా. నీ నీళ్ళు నువ్వు తీసుకో. ఇన్నేళ్ళూ మోసినాను, ఇంగ నా నడుము పట్టదు" అనింది ఆమె. "ఎగువింట్లో నీ చీరలకే మరకలు పడుతాండాయి. నీ నీళ్ళతో పడిన మరకకు నరసన్న కూలి కోస్తాండావు. ఈ మాట ముందే చెప్పాల్సింది. రాహేలమ్మను ఎండలో నిలబెట్టిన పొద్దే చెప్పాల్సింది. చెప్పలేదు."

పెద్ద ఈరన్న సందులోకి పోయి చూసి వచ్చినాడు. నురగను వేలితో తీసి వాసన చూసినాడు. తర్వాత పడుగు కొస కొయ్యను వెంకటరాముడి ముందుకు చాపినాడు.

"కట్టు కట్టే నాయనా. పట్టుకో."

"ఏమి పెద్దన్నా! నూలిచ్చేది నేను..."

"నువ్విచ్చిన నూలే ఇది. ఎండకపోతే నష్టం నీకే. పట్టుకో."

వెంకటరాముడు చుట్టూ చూసినాడు. ఒకడినయితే నూలు ఆపి లొంగదీయవచ్చు. కుంచెలు పట్టుకుని నిలబడిన వీధినంతా ఆపితే చీరలు ఎవరు నేయాలి? కొయ్య పట్టుకున్నాడు. ఖద్దరు పంచె కుచ్చిళ్ళు తన సబ్బునీళ్ళలోనే తడిసినాయి. మైదుకూరు మీటింగులో ఆ పూట పరిశుభ్రత గురించి ఎవరూ మాట్లాడలేదు.

గుడి నుంచి ఏసేపు, రాహేలమ్మ వచ్చేసరికి ఎండ చురచురమంటోంది. రాహేలమ్మ నిలబడి, షావుకారును, కొయ్యను, నురగను చూసింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"గట్టిగా పట్టుకోండి సామీ" అనింది మెల్లగా. "మీరు తాకొచ్చు గదా."

చెప్పి, తాళం తీసి లోపలికి పోయింది. ఆ మాట పేటలో ఇప్పటికీ తిరుగుతోంది.

తర్వాతి సంగతులు కథల్లో మాదిరి తియ్యగా జరగలేదు. వెంకటరాముడు కొన్నాళ్ళు నరసన్నకు ముడులు పడిన నూలే ఇచ్చినాడు. హనుమంతమ్మకు పొగరన్నాడు. కానీ సందులో నీళ్ళు ఆగలేదు, వీధిలో పడుగులూ ఆగకూడదు. కాబట్టి బోర్డు ఖర్చుతో వీధి పక్కన నాపబండల కాలువ వచ్చింది. మద్దిలేటే కట్టినాడు. దానికి పూలదండ వేసి, తెరిచి, పరిశుభ్రత మీద మాట్లాడిన మెంబరు ఎవరో మీరే అనుకోండి. హనుమంతమ్మ ముందు వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.

నరసన్న గుంత ఎండింది. పాత పడుగు ఆఖరి మూరలు నేసిన రోజు హనుమంతమ్మ అడగలేక అడగలేక ఎగువింటి గడపలో నిలబడింది. ఖాళీ చేసి పోయే నేతగాడయితే మిగిలిన పడుగు కొసలు కోసేసి మగ్గం విప్పుతాడు. ఉండేవాడయితే ఆ కొసలకే కొత్త పడుగు అతుకుతాడు. లోపల సుంకమ్మ తొడ మీద బూడిద రాసుకుని, పాత పోగుకు కొత్త పోగు పేనుతూ కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే, "అక్కా, మిద్దె మీదికి చౌడు ఎప్పుడు తోలిస్తావు?" అనింది.

"తోలిస్తాలేవే!" అని కసురుకుంది హనుమంతమ్మ, మొగమంతా నవ్వుతో.

ఇది జరిగి ఏళ్ళయింది. హనుమంతమ్మ ఇప్పుడు ముసలిదయింది, నోరు మాత్రం వయసులోనే ఉంది. పోయిన నెల నేను పోతే, చెయ్యి పట్టుకుని ఆ కాలువ వెంబడి నడిపించుకుపోయింది. వీధి దాటినాక బండలు ఆగిపోయినాయి. నీళ్ళు పోయి ఏసేపు పుట్టిన పల్లె ముందర మడుగు కట్టినాయి. అక్కడ పిల్లలు దోమల మధ్య ఆడుకుంటున్నారు. "చూసినావా, నా ఇంటి కింద నుంచి తీసి వీళ్ళ వాకిట్లో పోసినాం. నేను చేసిందీ షావుకారు పనేగా!" అనింది ఆమె. ప్రతి బోర్డు మీటింగుకూ పోయి కూర్చుంటోందంట. ముసలమ్మ వచ్చిందని మెంబర్లు గడియారం చూసుకుంటారంట.

స్వరాజ్యం వాకిట్లోకి వచ్చిందంటున్నారు. మంచిది, అది వచ్చి కాలు పెట్టేది ఆ మడుగులో కాకుండా చూద్దాం. ఇళ్ళు బాడుగకిచ్చిన అయ్యలారా, అమ్మలారా, ఈ వారంలోనే మీ బాడుగిళ్ళకు పోండి. బాడుగ అడగడానికి కాదు. వాళ్ళు నీళ్ళు పోసుకునే బండ మీద నిలబడండి. మగ్గముంటే గుంతలో కాళ్ళు వదిలి జేనెడు నేయండి. తర్వాత మీ ఇంటి నీళ్ళ వెంబడి, అవి ఆగేదాకా నడవండి. ఆగినచోట ఎవరి వాకిలి ఉంటే, వాళ్ళను వెంటబెట్టుకుని మీ బోర్డు మీటింగుకు పోండి. హనుమంతమ్మ ఒక్కతే ఎన్నాళ్ళని కూర్చుంటుంది? పక్కన చోటుంది, వచ్చి కూర్చోండి.